ఇంట్లో నెలలు నిండని పాపాయి... మరి బడికొచ్చే పెద్ద బిడ్డ?



నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూ నుంచి ఇంటికి వస్తే ఇంటిల్లిపాదికీ సంతోషం. ఆ వెంటే భయం కూడా. అందరి కళ్లూ పాపాయి మీదే ఉంటాయి. అప్పుడు మా తరగతిలో కూర్చునే అక్కకో, అన్నయ్యకో ఇంట్లో ఎక్కువగా వినిపించే మాట ‘దగ్గరికి రాకు’. పాపాయిని కాపాడుకోవాలి, పెద్ద బిడ్డ మనసూ నొప్పించకూడదు. రెండూ ఎలా కుదురుతాయో చూద్దాం.

ఇంత జాగ్రత్త ఎందుకు?

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. తల్లి నుంచి బిడ్డకు చేరే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం గర్భం చివరి నెలల్లోనే చేరుతుంది. ముందే పుట్టిన బిడ్డకు అవి తక్కువగా అందుతాయి. పెద్ద పిల్లలకు మామూలు జలుబులా వచ్చిపోయే ఆర్‌ఎస్‌వీ వైరస్, ఇలాంటి బిడ్డకు ఊపిరి అందని పరిస్థితి తేవచ్చు. తరగతి గది నుంచి జలుబు ఇంటికి రావడం తేలిక. అది మీ బడిపిల్లల తప్పు కాదు.

చుట్టాలకు ముందే చెప్పండి

పురుడు పేరుతో బాలింత గదికి రాకపోకలు తగ్గించడం మన ఇళ్లలో ఉన్నదే. అంతవరకు అది మంచి అలవాటే. అయితే పదకొండో రోజు స్నానంతో జాగ్రత్తలు అయిపోయాయనుకోవద్దు. 21వ రోజు బారసాలను డాక్టరు సరేనన్నాకే పెట్టుకోవచ్చు. దసరాకు దుర్గమ్మ దర్శనానికొచ్చి మీ ఇంట్లో దిగే చుట్టాలకు ముందే ఫోన్ చేసి, బిడ్డను ముద్దు పెట్టుకోవద్దని చెప్పండి. గదిలో సాంబ్రాణి పొగ, కుంపటి, మస్కిటో కాయిల్ వద్దు. దోమతెర వాడండి.

పెద్ద బిడ్డకు పని అప్పగించండి

‘ముట్టుకోకు’ అనే బదులు ‘ఇలా చెయ్యి’ అనండి.

• స్కూల్ నుంచి రాగానే బూట్లు, బ్యాగు గుమ్మం దగ్గరే పెట్టాలి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, యూనిఫాం మార్చుకున్నాకే పాపాయి గదిలోకి.
• ఒంట్లో బాగుంటే పాపాయి పాదాలు తాకవచ్చు. ముఖం, చేతులు వద్దు.
• జలుబు చేస్తే గుమ్మం దగ్గర నుంచే పాట పాడవచ్చు.
• వచ్చినవాళ్లకు ‘చేతులు కడుక్కోండి’ అని చెప్పే బాధ్యత తనదే.

5-6 ఏళ్లకు వేయించాల్సిన డీపీటీ బూస్టర్ మిగిలి ఉంటే వేయించండి. కోరింత దగ్గు నుంచి అది రక్షణ ఇస్తుంది.

అమ్మ ఒడి ఇద్దరికీ

బిడ్డను ఛాతీకి ఆనించి ఒంటి వెచ్చదనం ఇచ్చే ‘కంగారూ సంరక్షణ’ 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గార్ రే దీన్ని ప్రవేశపెట్టారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు ఇవ్వాలని చెబుతోంది. అంతా అమ్మే చేస్తే పెద్ద బిడ్డకు అమ్మ దొరకదు. నాన్న, అమ్మమ్మ, నాయనమ్మ కూడా ఇవ్వవచ్చు. వాళ్లు తీసుకున్న గంటలో ఒక అరగంట అమ్మ పెద్ద బిడ్డ పక్కన కూర్చోవాలి. హోంవర్క్ అడగడానికి కాదు, కబుర్లకు.

మాకూ చెప్పండి

డైరీలో ఒక్క లైను రాయండి చాలు. క్లాసులో మౌనంగా ఉన్నా, చిన్న మాటకే ఏడ్చినా కారణం మాకు అర్థమవుతుంది. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే మీకు వెంటనే కబురు చేయగలం. ఇతర తల్లిదండ్రులకూ ఒక మనవి: జ్వరం, దగ్గు ఉన్న రోజు పిల్లల్ని ఇంట్లోనే ఉంచండి. మీ పిల్లల పక్క బెంచీలో కూర్చున్నవాళ్ల ఇంట్లో ఇలాంటి పాపాయి ఉండవచ్చు.

ఆలస్యం చేయకూడనివి

పాలు తాగకపోవడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఒళ్లు చల్లబడటం లేదా జ్వరం, ఫిట్స్... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అందుకే డిశ్చార్జ్ ఫైలు, మందులు ఒకే బ్యాగులో, ఎత్తులో, చేతికందేలా ఉంచుకోండి. ఆ బ్యాగు ఎక్కడుందో పెద్ద బిడ్డకూ చెప్పండి.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్