ఫీజు కట్టే ముందు విమానం పళ్లు చూశారా?

సంతలో ఎద్దుల జత కొనే రైతు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. గిట్టలు తడుముతాడు. బేరం ఆ తర్వాతే. పాత ట్రాక్టర్ కొనాలన్నా తెలిసిన మెకానిక్‌ని వెంటేసుకుని వెళ్తాం. మరి అదే ఇంట్లో అబ్బాయో అమ్మాయో పైలట్ అవుతానంటే? అర ఎకరం అమ్మో, ఇల్లు బ్యాంకులో పెట్టో నాన్న నలభై, యాభై లక్షలు సర్దుతాడు. రంగుల బ్రోచర్ చూస్తారు, హాస్టల్ చూస్తారు, మెస్‌లో భోజనం బాగుందో లేదో కనుక్కుంటారు. మీరు రోజూ ఎక్కబోయే విమానాన్ని మాత్రం ఎవరూ చూడరు.

ఫ్లయింగ్ స్కూల్లో మీరు కొంటున్నది సీటు కాదు, విమానం గంటలు. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి డీజీసీఏ అడిగేది 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు మీరే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగరాలి. అంటే ఓ చిన్న విమానం జీవితంలో 200 గంటల ముక్కని మీరు కొనుక్కుంటున్నారు. అలాంటప్పుడు మొత్తం విమానాన్ని కొనేవాళ్లు ఏం చూస్తారో మీరూ అదే చూడాలి కదా! అమెరికాలో సొంత డబ్బుతో పాత సెస్నానో, పైపర్‌నో కొనుక్కునే మామూలు ఉద్యోగులు బోలెడుమంది. వాళ్లు బేరం ఎలా ఆడతారో తెలుసుకుంటే మీ నాన్న డబ్బు ఎక్కడికి పోతోందో మీకు అర్థమవుతుంది.

మీకంటే పెద్దది... కంగారొద్దు

మొదటి ప్రశ్న వయసు. మన దేశంలో చాలా స్కూళ్లలో కనిపించే రెండు సీట్ల సెస్నా 152 తయారీ 1977లో మొదలై 1985లో ఆగిపోయింది. కాబట్టి మీరు ఎక్కే 152 ఏదైనా సరే, మీకంటే పెద్దదే. నాలుగు సీట్ల సెస్నా 172 కథ వేరు. 1955లో తొలిసారి ఎగిరిన ఈ రకం విమానాలు 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత ఎక్కువగా తయారైన విమానం మరోటి లేదు. అయితే దీనికీ మధ్యలో పదేళ్ల ఖాళీ ఉంది. ఎప్పుడో అమ్మిన పాత విమానం కూలినా తయారీదారు మీదే కేసులు పడుతుండటంతో ఆ ఖర్చు భరించలేక సెస్నా 1986లో చిన్న పిస్టన్ విమానాలు ఆపేసింది. 18 ఏళ్లు దాటిన విమానాల విషయంలో తయారీదారుకి రక్షణ ఇస్తూ 1994లో అమెరికా చట్టం చేశాక, 1996లో మళ్లీ మొదలుపెట్టింది. అందుకే 172 అనగానే ‘ఏ సంవత్సరం మోడల్?’ అని అడగాలి. కొత్త 172 ధర ఇప్పుడు 4 లక్షల డాలర్లు దాటింది. మన డబ్బుల్లో మూడు కోట్ల పైమాటే. నలభై ఏళ్ల విమానాలు ఇంకా ఎందుకు తిరుగుతున్నాయో ఆ ధరే చెబుతుంది.

పాతదైతే చెడ్డదని కాదు. విమానంలో వయసు కంటే చరిత్ర ముఖ్యం. ఆ చరిత్ర లాగ్‌బుక్కుల్లో ఉంటుంది. బాడీకి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి, ప్రొపెల్లర్‌కి ఒకటి. ఏ రోజు ఏం విప్పారు, ఏం మార్చారు, ఎవరు సంతకం పెట్టారు... అన్నీ అందులో రాసి ఉండాలి. అమెరికాలో పాత విమానం కొనేవాళ్లు రెక్కల మీద రంగు చూడకముందే ఈ పుస్తకాలు తెరుస్తారు. ఒక్క పుస్తకం పోయినా ధర ఢమాల్న పడిపోతుంది. ఎందుకంటే రాత లేని రిపేరు జరగని రిపేరుతో సమానం.

గంటల లెక్క

ఈ విమానాల్లో ఎక్కువ వాటికి ఉండేది లైకమింగ్ ఇంజిన్. 172లో వాడిన ఓ-320 రకం ఇంజిన్‌ని 2000 గంటలకోసారి మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలని కంపెనీ చెబుతుంది. గంటలు నిండకపోయినా 12 ఏళ్లకోసారి చేయాలన్నది కూడా కంపెనీ మాటే. ఈ ఖర్చు చిన్నది కాదు. ఓవర్‌హాల్‌కి 40 వేల డాలర్లు అవుతుందనుకుందాం. దాన్ని 2000తో భాగిస్తే గంటకు 20 డాలర్లు. పెట్రోలు, ఇన్సూరెన్స్, హ్యాంగర్ అద్దె కాక, ఇంజిన్ తిరిగే ప్రతి గంటకీ ఇంత పక్కన పెట్టాల్సిందే. కొనేవాళ్లు ఇందుకే ‘ఓవర్‌హాల్ అయ్యాక ఎన్ని గంటలు తిరిగింది?’ అని మొదటే అడుగుతారు. 1900 గంటలు తిరిగిందంటే ఇంజిన్ విలువ దాదాపు సున్నా అని లెక్కేసుకుంటారు.

ఇక్కడో తమాషా ఉంది. తక్కువ తిరిగిన ఇంజిన్ మంచిదని మనం అనుకుంటాం, బైకుల లెక్కన. లైకమింగ్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది. విమానం నెలల తరబడి కదలకుండా ఉంటే ఆయిల్ కిందికి జారిపోయి, పైనున్న క్యామ్‌కి తుప్పు పడుతుంది. ఇరవై ఏళ్లలో 500 గంటలే తిరిగిన విమానం కంటే, వారంవారం ఎగిరే 1200 గంటల విమానమే నయమని అనుభవం ఉన్న కొనుగోలుదారు అంటాడు. మీకు పనికొచ్చే మాట ఇదే: హ్యాంగర్‌లో ధగధగలాడుతున్న విమానం కంటే, టైర్లు అరిగి, సీటు కవర్లు కాస్త మాసి, రోజూ ఎగురుతున్న విమానాన్ని నమ్మండి.

కొనే ముందు మెకానిక్ చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ప్రతి సిలిండర్‌లోకి గాలి పంపి కంప్రెషన్ చూస్తారు. కొలత 80కి ఇంతని వస్తుంది. 70కి పైన ఉంటే సరే, 60 దాకా దిగిందంటే సిలిండర్ విప్పాల్సిన వ్యవహారం. ఆయిల్ ఫిల్టర్‌ని కోసి, మడతల్లో లోహపు రవ్వలు మెరుస్తున్నాయా అని వెతుకుతారు. శిక్షణలో వాడిన 172 అయితే ముందుచక్రం వెనక ఉండే ఫైర్‌వాల్ దగ్గర రేకు ముడతలు పడిందేమో టార్చి వేసి చూస్తారు. కొత్త విద్యార్థులు ముందుచక్రం మీద గట్టిగా దిగితే ఆ దెబ్బ అక్కడికే చేరుతుంది. సీటు పట్టాలు కూడా చూస్తారు. సెస్నాల్లో ఆ పట్టాల రంధ్రాలు అరిగితే, టేకాఫ్‌లో ముక్కు పైకి లేచిన క్షణంలో సీటు వెనక్కి జారిపోవచ్చు. భయపడి పట్టుకునేది చేతిలో ఉన్న కంట్రోల్‌నే! అలా ప్రమాదాలు జరిగాయి కాబట్టే ఆ పట్టాల తనిఖీని అమెరికా ఏవియేషన్ అధికారులు తప్పనిసరి చేశారు.

డేటోనా బీచ్‌లో ఆ రోజు

శిక్షణ విమానం మామూలు విమానం కంటే ఎక్కువ దెబ్బలు తింటుంది. ఓ షికారు విమానం రోజుకోసారి దిగితే, శిక్షణ విమానం గంటలో ఏడెనిమిది సార్లు దిగుతుంది. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఓ విద్యార్థి పైలట్ పరీక్షకు ఎగరగా, పైపర్ యారో విమానం రెక్క గాల్లోనే విడిపోయింది. విద్యార్థీ, పరీక్షాధికారీ ఇద్దరూ చనిపోయారు. విమానం మరీ పాతదేమీ కాదు, 2007లో తయారైనదే. కానీ అప్పటికే 7,600 గంటలకు పైగా ఎగిరింది. రెక్కని పట్టి ఉంచే ప్రధాన దూలం కింది భాగంలో, బోల్టు రంధ్రం దగ్గర, లోహం అలసి పగులు వచ్చింది. బయటి నుంచి చూస్తే కంటికి కనిపించని పగులు అది. తర్వాత అదే కుటుంబానికి చెందిన విమానాల్లో నిర్ణీత గంటలు దాటిన వాటికి ఆ రంధ్రాలను ఎడ్డీ కరెంట్ పరికరంతో పరీక్షించాలని 2020 చివర్లో ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి ఉత్తర్వుల్ని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్స్ అంటారు. ‘మీ విమానాలకి వర్తించే ఏడీలన్నీ పూర్తయ్యాయా, జాబితా చూపిస్తారా?’ అని అడగడానికి మొహమాటపడకండి. మంచి స్కూలైతే విసుక్కోదు.

నాలుగు సీట్లుంటే నలుగురా?

బరువు సంగతి చాలామందికి తట్టదు. సెస్నా 152 మొత్తం బరువు 757 కిలోలకు మించకూడదు. విమానం సొంత బరువు తీసేస్తే మనుషులకీ, పెట్రోలుకీ కలిపి మిగిలేది సుమారు 240 కిలోలు. ట్యాంకులు నింపితే దాదాపు 67 కిలోలు అక్కడే పోతాయి. మిగిలిన 170 కిలోల్లోనే మీరూ, ఇన్‌స్ట్రక్టరూ, మీ బ్యాగులూ. ఇద్దరూ తొంభై కిలోల మనుషులైతే ట్యాంకు నింపి ఎగరడం కుదరదు. 172 ఎస్ మోడల్‌లో నాలుగు సీట్లున్నా, ట్యాంకులు నింపాక ముగ్గురు పెద్దవాళ్లకే లెక్క సరిపోతుంది.

దీనికి మన ఎండలు తోడు. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తున ఉంది. మేలో 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, విమానం దాదాపు 5,000 అడుగుల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎక్కువ తినేస్తుంది, నెమ్మదిగా పైకెక్కుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు స్కూళ్లలో ఫ్లయింగ్ ఎందుకు తగ్గిస్తారో ఇప్పుడు అర్థమైందా? మీ కోర్సు ఎన్ని నెలల్లో అయిపోతుందో లెక్క వేసుకునేటప్పుడు వానాకాలంతో పాటు దీన్నీ కలుపుకోండి.

పెట్రోలు కూడా అడగాల్సిన విషయమే. సెస్నాలు తాగేది ఏవ్‌గ్యాస్ అనే నీలం రంగు పెట్రోలు. అన్ని విమానాశ్రయాల్లో దొరకదు, చాలాకాలం దిగుమతి మీదే బతికాం. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో దీని తయారీ మొదలుపెట్టింది. డైమండ్ డీఏ40 ఎన్‌జీ లాంటివి మాత్రం డీజిల్ తరహా ఇంజిన్‌తో, పెద్ద జెట్‌లు వాడే ఏటీఎఫ్ మీదే నడుస్తాయి. సరఫరా ఆగి ఫ్లయింగ్ ఆగే బెడద వీటికి తక్కువ. ఒక్క లివర్‌తో పవర్ అంతా నడుస్తుంది కాబట్టి మిక్స్చర్ సర్దుకోవడం చేతికి అలవాటు కాదు. అదేమంత పెద్ద లోటు కాదని నా అభిప్రాయం. గ్లాస్ కాక్‌పిట్ స్క్రీన్లున్నాయని లక్షలు అదనంగా అడిగితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. గడియారాల్లాంటి పాత డయళ్ల మీద నేర్చుకున్నవాళ్లు స్క్రీన్లకి అలవాటు పడటం కష్టమేం కాదు.

అసలు అడగాల్సిన లెక్క

స్కూల్లో ఎన్ని విమానాలున్నాయని అందరూ అడుగుతారు. ఎన్ని ఎగురుతున్నాయని అడిగేవాళ్లు తక్కువ. ఓ స్కూల్లో పది విమానాలున్నాయి, అందులో నాలుగే ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయనుకోండి. ఒక్కోటి నెలకు 60 గంటలు తిరిగితే మొత్తం 240 గంటలు. విద్యార్థులు 60 మంది అయితే తలకు నెలకు 4 గంటలు. 200 గంటలకి ఎంతకాలం? యాభై నెలలు! నాలుగేళ్ల పైచిలుకు. అంతకాలం హాస్టల్ ఖర్చు, బ్యాంకు వడ్డీ ఎవరు కడతారు? ఒకే విమానాన్ని ఎక్కువమంది పంచుకుంటే, ప్రతి 100 గంటల తనిఖీకీ అది హ్యాంగర్‌లోకి పోయినప్పుడల్లా మీ వంతు వెనక్కి జరుగుతుంది.

కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసులో కూర్చోకండి. ఏప్రన్ మీదకి వెళ్లనిమ్మని అడిగి, ‘వీటీ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు రాసుకోండి. వాటిలో నిన్న ఏవి ఎగిరాయో సీనియర్ విద్యార్థులను క్యాంటీన్‌లో అడగండి. చెప్పేస్తారు, నిజం వాళ్ల దగ్గరే ఉంటుంది. గంటల లెక్క ఎక్కడ మొదలవుతుందో కనుక్కోండి: ఇంజిన్ స్టార్ట్ అయినప్పటి నుంచా, కదిలినప్పటి నుంచా? క్యూలో పది నిమిషాలు నిలబడితే ఆ డబ్బూ మీదేనా? మల్టీ ఇంజిన్ విమానం స్కూలుకి సొంతంగా ఉందో, దానికోసం వేరే ఊరు పంపి వేరే బిల్లు వేస్తారో ముందే తేల్చుకోండి. డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడులు ఇస్తోంది, అవి కూడా చూడండి. అడ్వాన్స్‌గా మొత్తం ఫీజు అడిగితే, ఎగిరినన్ని గంటలకే విడతలవారీగా కడతామని గట్టిగా అడగండి. ట్రాక్టర్‌కైనా నాన్న ఒకేసారి మొత్తం చేతిలో పెట్టడు కదా.

ఎప్పటికైనా సొంతంగా?

నవ్వకండి. 1932 అక్టోబరు 15న జేఆర్డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చింది పస్ మాత్ అనే చిన్న విమానంలోనే. మన ఎయిర్‌లైన్స్ చరిత్ర మొదలైంది ఓ తేలికపాటి షికారు విమానంతో. అమెరికాలో నలుగురు కలిసి ఒక విమానం కొని ఖర్చులు పంచుకోవడం మామూలే. బరువు 600 కిలోలకు మించని రెండు సీట్ల లైట్ స్పోర్ట్ విమానాల విభాగాన్ని అక్కడ 2004లో తెచ్చారు, ఖర్చు తగ్గించడానికే. మన దగ్గర బెంగళూరులోని ఎన్‌ఏఎల్ తయారుచేసిన హంస-ఎన్‌జీ రెండు సీట్ల శిక్షణ విమానం 2021 సెప్టెంబరు 3న తొలిసారి ఎగిరింది. ఇలాంటివి స్కూళ్లకి చేరితే నలభై ఏళ్ల 152ల మీద ఆధారం తగ్గుతుంది.

ఇదంతా చదివాక ఎగరడం కంటే ఆ ఫిల్టర్ కోసి చూసే పనే బాగుందనిపించిందా? అదీ ఉద్యోగమే. ఇంటర్ ఎంపీసీ తర్వాత డీజీసీఏ గుర్తించిన సంస్థలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదవొచ్చు. లైసెన్సుల్లో బీ1.1 జెట్ లాంటి టర్బైన్ విమానాలకి, బీ1.2 పిస్టన్ విమానాలకి, బీ2 ఎలక్ట్రానిక్స్‌కి. ఎయిర్‌లైన్ జీతాలు చూసి ఎక్కువమంది బీ1.1 వైపే పోతారు. కానీ స్కూల్లో విమానం పొద్దున్నే ఎగరాలంటే లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సింది ఈ లైసెన్సున్న ఇంజినీరే. స్కూల్ చూడటానికి వెళ్లినప్పుడు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని కలిశాక, హ్యాంగర్‌లో ఆయన్నీ ఓసారి పలకరించండి. ‘సార్, ఇక్కడ ఎంతమంది ఇంజినీర్లున్నారు? స్పేర్ ఇంజిన్ ఉందా?’ అని అడగండి.