పార్టిషన్లు మాయమయ్యాయా? ఫార్మాట్ కొట్టకండి!
ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ని కేస్ విప్పి, సాటా కేబుల్‌తో నేరుగా పీసీకి పెట్టగానే పార్టిషన్లు కనిపించడం లేదా? కంగారుపడి ఇనిషియలైజ్, ఫార్మాట్ లాంటివి నొక్కకండి. చాలాసార్లు డేటా ఎక్కడిదక్కడే ఉంటుంది, లెక్క మారుతుందంతే.

ఎలాగంటే, కొన్ని కేస్‌లలోని యూఎస్‌బీ చిప్ 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లుగా చూపిస్తుంది. జీపీటీ హెడర్ ఉండేది సెక్టార్ 1లో. అంటే కేస్‌లో ఉన్నప్పుడు అది 4096వ బైట్ దగ్గర పడింది. నేరుగా పెడితే పీసీ 512వ బైట్ దగ్గర వెతుకుతుంది. ఇంకేం దొరుకుతుంది?

డిస్క్‌ని మళ్లీ అదే కేస్‌లో పెట్టి, డేటా కాపీ చేసుకోండి. ఆ తర్వాతే సాటాలో కొత్తగా పార్టిషన్ చేయండి. కేస్ పోయిందా? లినక్స్‌లో లాసెటప్ కమాండ్‌కి సెక్టార్ సైజ్ 4096 ఇచ్చి, రీడ్-ఓన్లీగా ఓపెన్ చేసి చూడండి.

కేస్ మార్చకుండానే ఇలా అయితే మాత్రం ముందు కేబుల్, స్మార్ట్ రిపోర్ట్ చెక్ చేయండి.