మీకు తెలుసా? ఒకే ఆల్బమ్, రెండు రుచులు

1984లో వైట్‌స్నేక్ బృందం తెచ్చిన హార్డ్ రాక్ ఆల్బమ్ 'స్లైడ్ ఇట్ ఇన్' బ్రిటన్‌లో కొన్నవాళ్లు విన్నది వేరు, అమెరికాలో కొన్నవాళ్లు విన్నది వేరు. జనవరిలో బ్రిటన్‌లో విడుదలైన రికార్డుకు నిర్మాత మార్టిన్ బర్చ్. అమెరికా కోసం కీత్ ఓల్సన్ మొత్తం మళ్లీ మిక్స్ చేశాడు. ఈలోగా బృందంలో చేరిన జాన్ సైక్స్ చేత గిటార్ వాయింపించి కలిపారు. కాలిన్ హాడ్జ్‌కిన్సన్ బేస్ తీసేసి, నీల్ మర్రే చేత కొత్తగా వాయింపించారు. పాటల వరుస కూడా మారింది: బ్రిటన్‌లో మొదటి పాట 'గ్యాంబ్లర్', అమెరికాలో టైటిల్ పాట.

గాత్రం, డ్రమ్స్, గిటార్ల విడివిడి ట్రాకులను పాళ్లు చూసి కలపడం మిక్సింగ్. అలా కలిపేసిన పాటకు మళ్లీ మెరుగుపెట్టడం రీమాస్టరింగ్. 2019లో వచ్చిన 35 ఏళ్ల ప్రత్యేక సెట్‌లో రెండు పాత మిక్సుల రీమాస్టర్లతో పాటు సరికొత్త మిక్స్ కూడా ఉంది.

కోజీ పావెల్ డ్రమ్ దెబ్బ అమెరికా మిక్స్‌లో గట్టిగా తగులుతుంది. బ్లూస్ వాసన మాత్రం బ్రిటిష్ మిక్స్‌లోనే ఎక్కువ, నాకు అదే ఇష్టం.

పర్సుడీహ్‌లో ఉండేవాళ్లు ఈ మూడు మిక్సులను ఇంట్లోనే పోల్చి చూడొచ్చు. టాటానగర్ స్టేషన్ దగ్గర్లోనే కాబట్టి రైళ్ల మోత అడ్డు రాకుండా హెడ్‌ఫోన్స్ మేలు. ముందుగా మూడింటి వాల్యూమ్ సమానం చేసుకోండి. గట్టిగా మోగేదే బాగుందనుకోవడం చెవికి సహజం. 'స్లో ఆన్ ఈజీ' పెట్టి, ఒకసారి బేస్ మీదే, మరోసారి గిటార్ మీదే ధ్యాస ఉంచండి.