చక్రాల ఇంటికి మంచినీటి గొట్టం

అమెరికా దేశంలో విహారయాత్రలకై వాడే ఒక విధమైన వాహనం కలదు. దానిని అక్కడివారు ‘రిక్రియేషనల్ వెహికిల్’ అనీ, క్లుప్తంగా ‘ఆర్.వి.’ అనీ పిలుస్తారు. మనం చక్రాల ఇల్లు అనుకుంటే సరిపోతుంది. పడక, వంటగది, స్నానాల గది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే ఉంటాయి. బండి అడుగుభాగాన మంచినీటికి ఒక తొట్టి, వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డికి వేరొకటి అమర్చబడి ఉంటాయి. 1910లో న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్-ఆరో కంపెనీవారు ఇటువంటి బండి నొకదానిని ప్రజలకు చూపారు. నేడు ఆ దేశంలో వీటిలో ప్రయాణం చేసే కుటుంబాలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువారు కూడా వేసవిలో వీటిని అద్దెకు తీసుకొని జాతీయ వనాలకు వెళ్ళివస్తుంటారు.

ఈ చక్రాల ఇంటికి నీరు రెండు విధాలుగా అందుతుంది. విడిది స్థలంలోని కుళాయి నుండి బండిలోని తొట్టిని నింపుకొని, చిన్న పంపుతో వాడుకోవడం ఒక విధం. కుళాయిని నేరుగా బండిలోని పైపులకు కలిపి, కుళాయి ఒత్తిడితోనే నీరు తీసుకోవడం రెండవ విధం. ఏ విధంగా తీసుకున్నా కుళాయికీ బండికీ మధ్య పాతిక, యాభై అడుగుల గొట్టం ఒకటి ఉండి తీరవలెను. నీటిని శుద్ధిచేసే కేంద్రాన్ని గురించి ప్రభుత్వం శ్రద్ధ వహిస్తుంది. బండిని గురించి యజమాని శ్రద్ధ వహిస్తాడు. ఈ గొట్టాన్ని గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు.

నేనూ ఆలోచించలేదు. కొన్ని సంవత్సరాల క్రిందట మా అబ్బాయి కుటుంబంతో కలిసి వయోమింగ్ రాష్ట్రంలోని ఎల్లోస్టోన్ వనానికి అటువంటి అద్దె బండిలో వెళ్ళాను. అద్దెకిచ్చినవారు బండితోపాటు పెట్టెలో చుట్టచుట్టిన ఆకుపచ్చ గొట్టాన్ని కూడా ఇచ్చారు. మధ్యాహ్నం విడిదికి చేరి, ఆ గొట్టాన్ని కుళాయికి తగిలించి, అందరం చుట్టుపక్కల చూడడానికి వెళ్ళాము. గొట్టం నిండా నీటితో నాలుగు గంటలసేపు ఎండలో పడి ఉన్నది. సాయంత్రం తిరిగి వచ్చిన తరువాత ఆరేళ్ళ మా మనుమరాలు గ్లాసు నోటిదాకా తీసుకొని దింపేసింది. “తాతయ్యా, ఈ నీళ్ళు చెప్పుల షాపులాగా వాసన వస్తున్నాయి” అన్నది. “క్లోరిన్ వాసనమ్మా, తాగు, ఏమీ కాదు” అన్నాను. ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించినవాణ్ణి. క్లోరిన్ వాసనకూ రబ్బరు వాసనకూ గల భేదం తెలియనివాణ్ణి కాను. అలసటలో, లేవడానికి బద్ధకించి చెప్పిన మాట అది. ఆ పిల్ల నా మాట నమ్మి గ్లాసెడు నీళ్ళూ తాగింది. మరునాడు ఉదయం గొట్టం విప్పుతుండగా దాని కొసన వేలాడుతున్న అట్టముక్క మీద ‘తాగునీటికి వాడరాదు’ అన్న అచ్చు కంటబడింది.

ఎవరికీ జబ్బు చేయలేదు. కాని ఆ గ్లాసు సంగతి నా మనస్సు నుండి తొలగలేదు. ఆ తరువాత ఈ విషయమై తెలుసుకొన్న సంగతులను పాఠకుల ముందుంచుతున్నాను.

గొట్టాన్ని మనం నీరు వెళ్ళే దారిగా భావిస్తాము. నిజానికి అది నీరు నిలిచే పాత్ర. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. లోపలి వ్యాసం అర అంగుళం, పొడవు 25 అడుగులు గల గొట్టంలో పట్టే నీరు రమారమి ఒక లీటరు. ఆ లీటరు నీటిని చుట్టి ఉన్న లోపలి గోడ వైశాల్యం సుమారు 3,000 చదరపు సెంటీమీటర్లు. అదే లీటరు నీటిని 10 సెంటీమీటర్ల కొలత గల చతురస్రాకారపు డబ్బాలో పోస్తే, అడుగూ నాలుగు ప్రక్కలూ కలిపి నీటికి తగిలే గోడ 500 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అనగా, గొట్టంలో నిలిచిన నీరు డబ్బాలో నీటికంటే ఆరు రెట్లు ఎక్కువ గోడను తాకుతూ ఉంటుంది. తాగే నీటిని ఏ పాత్రలో పడితే ఆ పాత్రలో పోయని గృహిణి, గొట్టం విషయంలో మాత్రం ఏ గొట్టమైనా ఒకటే అనుకుంటుంది. మా కోడలు అట్లాగే అనుకున్నది. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఆ గోడలో ఏమున్నది? తోటపనికి అమ్మే గొట్టాలలో చాలా భాగం పి.వి.సి. అనే ప్లాస్టిక్కుతో చేసినవి. పి.వి.సి. స్వభావరీత్యా గట్టిది, పెళుసైనది. దానిని మెత్తగా, చుట్టడానికి వీలుగా చేయడానికి థాలేట్లు మొదలైన నూనెవంటి ద్రవ్యాలను కలుపుతారు. ఎండ వేడిమికి విడిపోకుండా ఉండడానికి కొందరు తయారీదారులు సీసపు లవణాలను వాడుతూ వచ్చారు. ఇవి ప్లాస్టిక్కుతో రసాయనికంగా బంధింపబడి ఉండవు. కలిసి ఉంటాయి, అంతే. అందువల్ల కొంచెం కొంచెంగా నీటిలోకి దిగుతాయి. నీరు వేడెక్కినకొద్దీ, నిలిచినకొద్దీ ఎక్కువగా దిగుతాయి. కొసలనున్న ఇత్తడి మరలది వేరొక కథ. ఇత్తడిని సులభంగా తరుచుకోవడానికి అందులో సీసం కలపడం లోహకారులకు చిరకాలపు అలవాటు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన ముఖ్యవిషయం ఒకటున్నది. మా మనుమరాలు పసిగట్టిన వాసన రబ్బరుదీ ప్లాస్టిక్కుదీ. నీటిలో కరిగిన కొద్దిపాటి సీసానికి వాసనా లేదు, రుచీ లేదు. కనుక వాసన రాని గొట్టం మంచిదని అనుకోరాదు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని విషయంలో, ఇంతవరకైతే ప్రమాదం లేదు అని చెప్పగల పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇక ఎంపిక సంగతి. అమెరికాలో తాగునీటి పరికరాలలో సీసాన్ని అదుపుచేస్తూ 1986లో చట్టం వచ్చింది. 2011లో చేసిన మరొక చట్టం 2014 జనవరి నుండి అమలులోకి వచ్చి, నీటికి తగిలే లోహభాగాలలో సీసం సగటున నూటికి 0.25 పాళ్ళు మించరాదని నిర్ణయించింది. అంతకుముందు నూటికి 8 పాళ్ళ వరకు ఉన్నా ‘సీసం లేనిది’ అని అమ్ముకొనే వీలుండేది! ఐతే ఈ చట్టం తాగునీటి కొరకు అమ్మే వస్తువులకే గాని, మొక్కలకు నీళ్ళు పోయడానికని అమ్మే గొట్టానికి వర్తించదు. అట్టముక్క మీది ఆ చిన్న అచ్చులోని ఆంతర్యం అదే.

కాబట్టి కొనేవారు మొట్టమొదట చూడవలసినది గొట్టం రంగు కాదు, దాని మీది ముద్ర. 1944లో మిచిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బరులో స్థాపింపబడిన ‘ఎన్.ఎస్.ఎఫ్.’ సంస్థ తాగునీటికి తగిలే వస్తువులకు 61వ సంఖ్య గల ప్రమాణాన్నీ, సీసం పరిమితికి 372వ సంఖ్య గల ప్రమాణాన్నీ ఏర్పరచింది. మొదటి దాని ప్రకారం వస్తువును నీటిలో నానబెట్టి, ఆ నీటిలోకి ఏమేమి దిగినవో పరీక్షిస్తారు. చక్రాల ఇళ్ళవారికి అమ్మే మంచినీటి గొట్టాలు సాధారణంగా తెల్లగానో నీలంగానో ఉంటాయి. ఇది ఆచారమే గాని సాక్ష్యం కాదు. తెల్లరంగు ఎవరైనా వేయవచ్చును. పొడవు అవసరానికి మించి కొనరాదు. 50 అడుగుల గొట్టం ఒకటి కొనేకంటే 25 అడుగులవి రెండు కొని, దూరాన్ని బట్టి కలుపుకొనుట మేలు. నీటి ఒత్తిడి కొన్ని విడిదులలో మిక్కిలి ఎక్కువగా ఉంటుంది. బండిలోని పైపులు చదరపు అంగుళానికి 40 నుండి 60 పౌన్ల ఒత్తిడికి తగినవి గనుక, ఒత్తిడిని తగ్గించే చిన్న పరికరాన్ని కుళాయి వద్దనే బిగించవలెను. అప్పుడు గొట్టానికి కూడా రక్షణ కలుగుతుంది.

మంచి గొట్టం కొన్నంతమాత్రాన పని పూర్తి కాదు. వాడి చుట్టిపెట్టిన గొట్టంలో కొంత తడి మిగులుతుంది. ఆ తడిలో సూక్ష్మజీవులు గోడకు అంటుకొని, తమ చుట్టూ జిగురువంటి పొరను అల్లుకుంటాయి. నిలిచి వెచ్చబడిన నీరు వాటికి మరింత అనుకూలం. 1976లో ఫిలడెల్ఫియా నగరంలో ఒక సమావేశానికి వచ్చినవారిని బలిగొన్న లీజియొనెల్లా అనే సూక్ష్మజీవి కూడా 20 నుండి 45 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనం గల నీటిలో వృద్ధి చెందేదే.

శుద్ధిచేసే విధానం కష్టమైనది కాదు. ముందుగా గొట్టంలో నీటిని కొంతసేపు ధారగా వదలి, మురికి పోనివ్వవలెను. బట్టలకు వాడే సాధారణమైన బ్లీచి ద్రావణాన్ని తీసుకోవలెను. సువాసనలు, చిక్కదనం కలిపినవి పనికిరావు. అందులో క్లోరిన్ నూటికి 5 పాళ్ళున్నదనుకుంటే, లీటరు నీటికి ఒక మిల్లీలీటరు కలిపినప్పుడు లీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. అనగా 5 లీటర్ల బకెట్టుకు ఒక టీస్పూను. గొట్టాన్ని తిన్నగా పరచి, ఒక కొస పైకెత్తి, గరాటుతో ఆ నీటిని మెల్లగా పోస్తే గాలి రెండవ కొస నుండి వెలుపలికి పోయి గొట్టం నిండుతుంది. అప్పుడు రెండు కొసలనూ ఒకదానికొకటి మరలతో బిగించి, మూడు నాలుగు గంటలసేపు నీడలో ఉంచవలెను. పిమ్మట విప్పి, బ్లీచి వాసన పోయేవరకు మంచినీటితో కడగవలెను. బండిలోని తొట్టిని శుద్ధిచేయడానికి కూడా ఇదే పాళ్ళు, ఇదే వ్యవధి. యాత్రాకాలం ఆరంభంలో ఒకసారి, చాలాకాలం వాడక ఉంచినప్పుడు మరొకసారి ఇట్లు చేయుట మంచిది.

సీసాలోని బ్లీచి బలం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కొందరు మరింత శుభ్రత కొరకు బ్లీచిలో వెనిగరు కలుపుతారు. ఇది మిక్కిలి ప్రమాదకరం. ఆమ్లం తగలగానే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా గల ద్రావణాలతో కలిపినా విషవాయువులే పుడతాయి. గొట్టంలో పాచి దట్టంగా పట్టిన తరువాత బ్లీచి పైపొరనే తాకుతుంది. అటువంటి గొట్టాన్ని పారవేయుట ఉత్తమం. బ్లీచి సూక్ష్మజీవులను చంపుతుంది గాని ప్లాస్టిక్కులోని సీసాన్నీ నూనెలనూ తొలగించలేదు. ఎంత కడిగినా తోట గొట్టం తాగునీటి గొట్టం కాజాలదు. మా ఆకుపచ్చ గొట్టాన్ని బాగా శుద్ధిచేసి వాడుకుందామని మా అబ్బాయి అన్నప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

మరుగుదొడ్డి తొట్టిని ఖాళీచేసే లావుపాటి గొట్టాన్ని మంచినీటి గొట్టం ఉన్న అరలో ఎన్నడూ ఉంచరాదు. ఆ పనికి తొడుగుకొన్న చేతి తొడుగులతో మంచినీటి కుళాయిని ముట్టరాదు. మనకంటే ముందు వచ్చినవారు ఏమి చేశారో తెలియదు గనుక, కుళాయి మూతిని బ్లీచి నీటిలో తడిపిన గుడ్డతో తుడిచి మరీ గొట్టం తగిలించవలెను. గొట్టం కొస నేలమీద గాని బకెట్టు నీటిలో గాని మునిగి ఉండరాదు. సరఫరాలో ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినప్పుడు ఆ నీరు వెనుకకు పీల్చుకోబడి, ఇతరులు తాగే నీటిలో చేరుతుంది.

ఈ చివరి మాట వ్రాస్తున్నప్పుడు నాకు అమెరికా కాదు, మన హైదరాబాదు వీధులే కళ్ళముందు కదిలాయి. రెండు దేశాల నీటి చరిత్రలో ఒక చిత్రమైన కలయిక ఉన్నది. 1908 సెప్టెంబరు 26న డాక్టరు జాన్ లీల్ పర్యవేక్షణలో జెర్సీ సిటీ నగరపు నీటికి బ్లీచింగ్ పౌడరు కలపడం ఆరంభమైంది. అమెరికాలో ఒక నగరపు నీటికి నిరంతరంగా క్లోరిన్ కలపడం అదే మొదలు. సరిగ్గా రెండు రోజులకు, సెప్టెంబరు 28న, మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసింది. ఆ వరద ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయి నగరానికి నీరిచ్చాయి. అంతకుపూర్వం భిస్తీలు తోలు మష్కులలో నీరు మోసి ఇంటింటా పోసేవారు. ఇప్పుడు వేసవిలో ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు నుండి సంపులోకి దిగే గొట్టం వీధిలో మట్టిమీదుగా, ఒక్కొక్కప్పుడు మురుగుకాలువ అంచు మీదుగా ఈడ్వబడి, అదే కొసతో తిన్నగా మన తాగునీటిలో మునుగుతుంది. కుళాయికి మోటారు బిగించి పాత గొట్టంతో నీరు లాగే ఇళ్ళలోనూ ఇదే స్థితి.

మన వద్ద దొరికే బ్లీచింగ్ పౌడరు తాజాగా ఉన్నప్పుడు అందులో క్లోరిన్ నూటికి 30 పాళ్ళకు పైన ఉంటుంది. డబ్బా తెరిచి తేమ తగలనిస్తే త్వరలోనే నిస్సారమవుతుంది. 10 లీటర్ల నీటికి ఒకటిన్నర గ్రాము కలిపి, సున్నం అడుగున తేరిన తరువాత పైన నిలిచిన తేటనీటిని గొట్టం శుద్ధికి వాడుకోవచ్చును. ట్యాంకరు గొట్టాన్ని మార్చే అధికారం మనకు లేదు. కాని సంపు మూత తెరిచే ముందు ఆ కొసను కడగమని అడుగవచ్చును, కొస నీటిలో మునగకుండా పైనే పట్టుకొని ఉండవచ్చును. గొట్టంలో ముందునుండి నిలిచి ఉన్న మొదటి రెండు బకెట్ల నీటిని సంపులో పడనివ్వక మొక్కలకు పోయవచ్చును. మా ఇంటిలో ఇప్పుడు అట్లాగే చేస్తున్నాము. గుమ్మం ప్రక్కనున్న మందారానికి ఆ నీటితో ఏ ఇబ్బందీ కలిగినట్లు లేదు.