చెమట ఆరని చోట

రోహిణి కార్తెలో తిరుత్తణి కొండ మెట్లెక్కిన వాళ్లకు ఎండంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మెట్లు 365. తమిళనాడులో ఎండ మండిపోయిన ఊళ్ల పట్టికలో ఈ పేరు తరచూ కనబడుతుంది. సముద్రపు గాలి చెన్నైకి ముందే అందుతుంది, ఇక్కడికి చేరేసరికి పొద్దు వాలుతుంది. అయినా మండపం నీడన కూర్చుని కాస్త గాలి తగిలితే ప్రాణం లేచొస్తుంది. ఒంటిమీద చెమట ఆరుతోంది గనుక.

తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లాలోనే, ఆవడిలో మన సైన్యానికి ట్యాంకులు తయారవుతాయి. 1965లో విజయంతతో మొదలై టి-72 అజేయ, అర్జున్ దాకా వచ్చాయి. ఆ 1965లోనే పాకిస్తాన్‌తో యుద్ధం. అప్పటి రాష్ట్రపతి, అంటే సర్వసైన్యాధిపతి, తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్. ట్యాంకు అనగానే మనం ఉక్కు మందం, ఫిరంగి పొడవు లెక్కపెడతాం. నాకు మాత్రం లోపల కూర్చున్న మనుషులే గుర్తొస్తారు.

టి-72లో ముగ్గురు ఉంటారు: కమాండరు, గన్నరు, డ్రైవరు. బరువు 41 టన్నుల పైనే ఉన్నా లోపల కాళ్లు బారచాపుకునే చోటుండదు. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లే 100 వాట్ల బల్బంత వేడి వదులుతుంది. పని చేస్తే మూడింతలు. దానికి తోడు ఎండకు కాగిన ఉక్కు, వెనక 780 అశ్వశక్తి ఇంజను. చుట్టూ ఉన్న గాలి ఒంటికన్నా వేడెక్కాక, శరీరానికి మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అదే చెమట ఆరకుండా కారిపోతే నీళ్లూ ఉప్పూ పోవడమే తప్ప చల్లదనం రాదు.

పోరు మొదలైతే మూతలు బిగిస్తారు. ముగ్గురి ఊపిరి, ముగ్గురి చెమట ఆ కాస్త గాలిలోనే చేరి తేమ పెరుగుతుంది. తడిసిన గాలి ఇంకో తడిని తీసుకోదు. వానాకాలంలో కుండనీళ్లు చల్లబడనట్టే.

1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్ ట్యాంకులతో పోరాడిన డెక్కన్ హార్స్, ఒకప్పటి నిజాం సేనల్లోంచి వచ్చిన దళం. శత్రువు ట్యాంకులు దిగబడాలని అక్కడి పొలాల్లోకి కాలవ నీళ్లు వదిలారు. షెర్మన్‌లో అయిదుగురు. పైన సెప్టెంబరు ఎండ, కింద నీళ్లు నిలిచిన చేలు. ఇక చెమట ఆరేదెక్కడ?

అరవై కిలోల మనిషి 1.2 లీటర్ల నీరు పోగొట్టుకుంటే, అంటే బరువులో రెండు శాతం, చూపు నిలపడం, గురి చూడడం మందగించడం మొదలవుతుంది. ఉక్కపోతలో ఆ నీరు పోవడానికి గంట చాలు. అందుకే దాహంతో పనిలేకుండా వేళ ప్రకారం నీళ్లు తాగిస్తారు. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కొత్తగా చేరిన కుర్రాణ్ని మొదటి రోజే ఎడారి ఎండలో దింపకూడదనేది అందుకే.

తాగే నీళ్లు చల్లబరచడానికి సిపాయిలు చాగల్ అనే కాన్వాసు సంచిలో నీళ్లు నింపి బండి బయట వేలాడదీసేవారు. గుడ్డలోంచి ఊరిన తడి ఎండగాలికి ఆరుతూ ఉంటే లోపలి నీళ్లు చల్లబడతాయి.