ఇంగ్లీష్‌లో 88 మార్కులు... అమ్మ పంపిన కాగితం మాత్రం చదవలేకపోయింది

ఈ సంక్రాంతికి ఊళ్లో ఉన్నాను. కనుమ మర్నాడు పొద్దున్నే మా పిన్ని కువైట్ నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపింది. వెనకాలే వాయిస్ మెసేజ్. "అమ్మలూ, మేడమ్ గారు కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటున్నారే. ఒక పక్క అరబీ, ఒక పక్క ఇంగ్లీషు. వారానికి ఒకరోజు సెలవని రాశారో లేదో చూసి చెప్పవే. సాయంత్రంలోగా కావాలి."

ఆ మెసేజ్ వచ్చింది నాకు కాదు, మా చెల్లికి. అంటే పిన్ని కూతురు. రాజోలు దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉండి జెడ్పీ హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. క్లాసులో ముందు వరస పిల్ల. ట్యూషన్‌లో పెట్టిన మోడల్ పరీక్షలో ఇంగ్లీష్‌కి వందకి 88 వచ్చాయని ముందు రోజే అమ్మమ్మ వీధంతా చెప్పుకొచ్చింది.

ఆ 88 మార్కుల పిల్ల ఫోన్ స్క్రీన్ మీద రెండు వేళ్లు పెట్టి పది నిమిషాలు అటూ ఇటూ జరిపింది. చివరికి, "అన్నయ్యా, ఇందులో హాలిడే అన్న మాటే లేదు. సెలవు లేనట్టే" అంది.

నేను తీసుకుని చూశాను. ఉంది. కాకపోతే 'వీక్లీ రెస్ట్' అని రాశారు. దానికి వీక్లీ అంటే తెలుసు, రెస్ట్ అన్నా తెలుసు. రెండూ పక్కపక్కన, ఎప్పుడూ చూడని వాక్యంలో కనపడేసరికి వదిలేసింది. "మా పాఠంలో లేదు కదా" అంది. తప్పు చేసినట్టు కాదు, మామూలుగానే.

మా రాజోలు వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి దొరకడం కష్టం. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం ప్రకారం ఇంట్లో పనిచేసేవాళ్లకి వారానికి ఒకరోజు విశ్రాంతి ఇవ్వాలి. రోజుకి 12 గంటలకి మించి పని చెప్పకూడదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి. చదివేవాళ్లు ఇంట్లో ఉండాలి, అంతే. పిన్ని ఆ నమ్మకంతోనే కూతుర్ని చదివిస్తోంది. నేను ఆ రోజు ఊళ్లో లేకపోతే ఏమయ్యేది అన్న ఆలోచన నన్ను చాలాసేపు వదల్లేదు.

చెల్లిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. నేనూ అలాగే వచ్చాను. పదో తరగతిలో 'మై బెస్ట్ ఫ్రెండ్' వ్యాసం బట్టీ కొట్టాను. అందులో నా ప్రాణ స్నేహితుడు గైడులో ఉన్నాయన. మా క్లాసులో నలభై మందికీ ఆయనే. ఉత్తరం అంటే 'ఐ యామ్ ఫైన్ హియర్ అండ్ హోప్ యు ఆర్ ఆల్సో ద సేమ్' అని మొదలెట్టేయడమే. ఇంజినీరింగ్ కూడా అలాగే గడిచిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, బిల్డ్ ఎందుకు ఫెయిలయిందో నాలుగు లైన్లలో రాయమని క్లయింట్ అడిగాడు. ఫెయిలయిన కారణం పట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ నాలుగు లైన్లు రాయడానికి గంటన్నర. చివర్లో 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్' అని పెట్టి పంపాను. చేయాల్సింది నేనే అని తర్వాత తెలిసింది.

మన దగ్గర ఇంగ్లీష్ గురించి గొడవకి కొదవలేదు. 2019 నవంబర్‌లో ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీష్ మీడియం చేస్తూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. 2023లో బడి పిల్లలకి టోఫెల్ అన్నారు. మీడియం ఏది ఉండాలన్న దాని మీద ఇంట్లో, టీవీలో, టీ కొట్టు దగ్గర అందరికీ అభిప్రాయం ఉంది. పిల్ల ఒక కొత్త పేజీ చదివి, దాని గురించి తన సొంతంగా అయిదు వాక్యాలు రాయగలదా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ రెండు పేజీల పుస్తకంలో చెల్లి తెలుగు పేజీ చదువుతుంది, ఇంగ్లీష్ పేజీ బట్టీ పడుతుంది. నేను కళ్లారా చూశాను.

నాకు నెలరోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది. సాయంత్రాలు కూర్చుందాం అన్నాను. ముందు పాఠ్యపుస్తకమే తెరిచాం. పదో తరగతి ఇంగ్లీష్‌లో మొదటి పాఠం 'ఎ లెటర్ టు గాడ్'. మెక్సికో రచయిత గ్రెగోరియో లోపెజ్ ఫ్యూయంటెస్ కథ. లెంచో అనే రైతు పంట వడగళ్ల వానకి పోతుంది. వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టుమాస్టర్ జాలిపడి, తన జీతంలోంచి కొంత వేసి, తెలిసినవాళ్ల దగ్గర పోగుచేసి డెబ్బై పంపుతాడు, దేవుడి పేరుతో. లెంచో లెక్కపెట్టుకుని కోపంగా రెండో ఉత్తరం రాస్తాడు. మిగతా డబ్బు పంపు స్వామీ, పోస్టాఫీసు ద్వారా మాత్రం వద్దు, అక్కడున్నవాళ్లు దొంగలు అని.

చెల్లి ఆ పాఠంలో ఏ ప్రశ్న అడిగినా టకటకా చెప్పింది. "ఇంతకీ చివర్లో నవ్వొచ్చే సంగతేంటి?" అన్నాను. మొహం చూసింది. "నవ్వొచ్చేదా? ఇది విశ్వాసం గురించి కదా అన్నయ్యా." సాయం చేసినవాళ్లనే దొంగలన్నాడని దానికి తెలీదు. జూన్‌లో మొదలెట్టిన పాఠం, ఆరు నెలల్లో ముప్ఫైసార్లు చదివి ఉంటుంది. కథ ఒక్కసారి కూడా చదవలేదు.

ఇక్కడ చైనా సంగతి చెప్పాలి. మా ప్రాజెక్టుకి డాలియన్‌లో ఒక టెస్టింగ్ టీమ్ ఉంది. అందులో ఒకమ్మాయిది నా వయసే, సొంతూరు జెజియాంగ్ రాష్ట్రంలో. మాట్లాడితే తడబడుతుంది గానీ, ఆమె రాసే బగ్ రిపోర్టులు చదివితే ఒక్క ప్రశ్న కూడా మిగలదు. ఎలా నేర్చుకున్నావని ఒకసారి చాట్‌లో అడిగితే ఇంటర్ స్థాయి తర్వాత వాళ్లు రాసే గావోకావో పరీక్ష గురించి చెప్పింది. 2024లో కోటీ ముప్ఫై నాలుగు లక్షల మంది పేరు నమోదు చేసుకున్న పరీక్ష అది. మన ఎంసెట్, పబ్లిక్ పరీక్షలు కలిపి ఒకటే అనుకోండి. ఇంగ్లీష్‌కి 150 మార్కులు.

అందులో ఒక ప్రశ్న ఉంది. పేరు తెలుగులో చెప్పాలంటే 'చదివి, కొనసాగించు'. దాదాపు 350 పదాల కథ ఇస్తారు, సగంలో ఆపేస్తారు. తర్వాత రాయాల్సిన రెండు పేరాలకి మొదటి వాక్యం మాత్రం వాళ్లే ఇస్తారు. మిగతాది దాదాపు 150 పదాల్లో పిల్లలు రాయాలి. 25 మార్కులు. 2016 అక్టోబర్‌లో జెజియాంగ్‌లో మొదటిసారి పెట్టారు, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. ఆ మొదటి బ్యాచ్‌లో ఆమె కూడా ఉందట. అప్పట్లో కథలో పది మాటల కింద గీత గీసి, కనీసం అయిదు నీ రాతలో వాడాలి అనేవారు.

నాకు ఇది ఎందుకు నచ్చిందంటే, దీనికి గైడు పనిచేయదు. కథ అర్థం కాకపోతే ఒక్క లైను ముందుకెళ్లదు. మనకి చదవడం ఒక ప్రశ్న, రాయడం వేరే ప్రశ్న. అక్కడ చదివినదే రాయడానికి పెట్టుబడి. కథలో మనుషులున్నారు, పేర్లున్నాయి, వాక్యాలు ఏ కాలంలో నడుస్తున్నాయో ఎదురుగా ఉంది. తెల్లకాగితం చూసి భయపడక్కర్లేదు. గ్వాంగ్‌డాంగ్ విదేశీ భాషల యూనివర్సిటీలో వాంగ్ చుమింగ్ అనే ప్రొఫెసర్ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఇంకొకరు వదిలేసినదాన్ని పూర్తిచేస్తున్నప్పుడు వాళ్ల భాష మనకి అంటుకుంటుంది అని. సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ చేసేదీ అదే కదా. ఎవడో రాసిన కోడ్ చదివి, వాడి పద్ధతిలోనే ఇంకో నాలుగు లైన్లు కలుపుతాం. ఖాళీ ఫైల్‌తో మొదలెట్టే అదృష్టం ఎవరికుంది?

చైనాలో అంతా బంగారం అని చెప్పను. అక్కడా కోచింగ్‌లున్నాయి. ఏ కథకైనా అతికే 'కళ్లలో నీళ్లు తిరిగాయి', 'గుండె దడదడలాడింది' లాంటి వాక్యాలు పిల్లలు ముందే బట్టీ పడతారని ఆమే చెప్పింది. పరీక్ష ఉన్నచోట గైడు పుడుతుంది, ఏం చేస్తాం.

మొత్తానికి ఆ ప్రశ్నని మా అమ్మమ్మ అరుగు మీదకి తెచ్చాను. కథ ఉండనే ఉంది, లెంచోది. నేను మొదటి వాక్యాలు రెండు ఇచ్చాను. ఒకటి, పోస్టుమాస్టర్ రెండో ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాడు అని. రెండోది, మరుసటి ఆదివారం లెంచో మళ్లీ పోస్టాఫీసుకి వచ్చాడు అని. పాఠంలోంచి పది మాటలు ఏరి కింద గీతలు గీశాను.

మొదటి రోజు నలభై నిమిషాల్లో మూడు లైన్లు. 'ద పోస్ట్‌మాస్టర్ వాజ్ వెంట్ టు హోమ్' అని రాసింది. నేను ఎర్ర పెన్ను తీయలేదు. "వెళ్లాడు అని పాఠంలో ఎక్కడైనా రాశారేమో వెతుకు" అన్నాను. వెతికింది. 'వెంట్' ఒక్కటే ఉంది, ముందు 'వాజ్' లేదు. కొట్టేసుకుంది. ఆ తర్వాత మాకు అదే పద్ధతి అయిపోయింది. నన్ను అడగకూడదు, కథనే అడగాలి. మూడేళ్లుగా గ్రామర్ బిట్లు చేస్తున్నా పోని 'వాజ్ వెంట్' వారంలో పోయింది.

పదిరోజులకి ట్యూషన్ మాస్టారికి తెలిసింది. రోడ్డు మీద ఆపారు. "బాబూ, మార్చిలో పబ్లిక్ ఉందండి. ఇప్పుడు కథలు రాయిస్తే ఉన్న మార్కులు పోతాయండి. ఆయ్, తర్వాత మీరు హైదరాబాద్ వెళ్లిపోతారు, అమ్మమ్మగారు నన్నడుగుతారు" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పేపర్‌లో ఉత్తరం, డైరీ, సంభాషణ అన్నీ ఊహించగలిగేవే వస్తాయి. బట్టీ కొట్టినవాడికి నష్టమేం లేదు. చెల్లి కూడా ఆ రాత్రి బెంగపెట్టుకుంది. చివరికి రోజుకి అరగంట కథకి, మిగతాదంతా మాస్టారికి అని ఒప్పందం చేసుకున్నాం. నేను ఓడిపోయాననే అనుకోండి.

ఆ అరగంటల్లోనే ఒకరోజు జరిగింది. పోస్టుమాస్టర్ లెంచోని నిజం చెప్పకుండా ఎలా ఓదారుస్తాడో రాయాలి. మాటలు దొరక్క పెన్ను కొరుకుతోంది. అమ్మమ్మ పక్కనే కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తోంది. కథేంటని అడిగితే చెల్లి తెలుగులో చెప్పింది, వడగళ్లు, పంట పోవడం, అంతా. అమ్మమ్మ కత్తి పక్కన పెట్టి, 1996 నవంబర్ 6 రాత్రి గురించి మొదలెట్టింది. నేను పుట్టకముందు వచ్చిన తుఫాను. కోనసీమలో పెద్దవాళ్లు వయసులు దాన్నిబట్టే లెక్కేసుకుంటారు. "తెల్లారి తలుపు తీస్తే తోటంతా ఆకాశమే కనపడింది. చెట్లన్నీ పడుకుండిపోయాయి. కొబ్బరి మొక్క వేస్తే మళ్లీ కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది? మీ తాత అరుగు మీద కూర్చుని మూడురోజులు మాట్లాడలేదు."

చెల్లి రాసేసింది. పోస్టుమాస్టర్ లెంచో పక్కన కూర్చుని, తన చిన్నప్పుడు వచ్చిన గాలివాన గురించి చెప్తాడు. తన తండ్రి మూడురోజులు మాట్లాడలేదని చెప్తాడు. పేజీన్నర. తప్పులు పదకొండు లెక్కపెట్టాను. అందులో ఒకచోట 'ఆల్ ద ట్రీస్ స్లెప్ట్' అని ఉంది. నా పెన్ను దాని దాకా వెళ్లి ఆగింది. చెట్లు పడుకున్నాయట. మామూలు ఇంగ్లీష్‌లో అలా అనరు. పరీక్షలో అయితే సున్నా చుట్టేవారు కూడానేమో. నేను మాత్రం వదిలేశాను. ఆ పిల్ల ఇంగ్లీష్‌లో సొంతంగా అన్న మొదటి మాట అది.

ఫిబ్రవరి మూడోవారంలో నేను బయల్దేరే ముందు పిన్ని మళ్లీ ఫోన్ చేసింది. కాగితం మీద సంతకం అయిపోయింది గానీ సెలవు మాత్రం ఇవ్వడం లేదు. మేడమ్ గారి అమ్మాయికి ఇంగ్లీష్ వచ్చు, ఆవిడకి నా ఫోన్‌లో ఏదైనా రాసి చూపిద్దామా అంది. నేను ల్యాప్‌టాప్ బ్యాగు సర్దుకుంటున్నాను. చెల్లి ఆ పీడీఎఫ్ తెరిచి, వీక్లీ రెస్ట్ ఉన్న వాక్యం పట్టుకుని, దాన్నే మొదటి వాక్యంగా పెట్టి కింద అయిదు లైన్లు రాసింది. అమ్మ రెండేళ్లుగా పనిచేస్తోందనీ, శుక్రవారం అయితే తనతో మాట్లాడగలుగుతుందనీ, దయచేసి చూడమనీ. నేను ఒక్క 'ద' తీసేయమన్నాను, అంతే.

రెండు రోజులకి జవాబొచ్చిందని చెల్లి హైదరాబాద్‌కి ఫోన్ చేసింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వదులుతారట. సగం రోజు.

"బాగుందే" అన్నాను.

"ఏం బాగుంది? కాగితంలో రోజంతా అని ఉంది అన్నయ్యా. వందకి డెబ్బయ్యే పంపారన్నమాట. రెండో ఉత్తరం రాస్తున్నా."

దొంగలని మాత్రం రాయకు అన్నాను.