ట్యాంకు నిండితే మోటారు ఆగాలి
(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్)



మన హాస్టల్ మేడ మీది ట్యాంకు సంగతి మీకు తెలిసిందే. మోటారును తనంతట తానే వేసి, ఆపే చిన్న పెట్టె ఒకటి వార్డెన్ గారి గది పక్కన గోడకు ఉండేది. పోయిన వానాకాలంలో పిడుగులు పడిన రాత్రి అది పోయింది. ఆ తర్వాత వాచ్‌మన్ తాత మోటారు ఆపడం మరిచిపోతే నీళ్లన్నీ కాలువ పాలు. వేయడం మరిచిపోతే పరీక్షల రోజున కూడా మీరు బకెట్లు పట్టుకుని వీధి పంపు దగ్గర నిలబడాలి. బజారులో అడిగితే బోర్డు మొత్తం మార్చాలన్నారు. దసరా సెలవులకు వచ్చిన నేను "ఒకసారి చూస్తాను సార్" అని పెట్టె విప్పాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా మైక్రోకంట్రోలర్ గురించి పరీక్షల్లో రాయడమే గానీ, దానితో ఒక్క పనీ చేయించి ఎరుగను.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన బుల్లి కంప్యూటరు. లెక్క చేసే భాగం, జ్ఞాపకం, బయటి తీగలతో మాట్లాడే కాళ్లు, అన్నీ అందులోనే ఉంటాయి. వాషింగ్ మెషిన్‌లో, టీవీ రిమోట్‌లో ఉన్నది అదే. కాలేజీలో మేం చదివే 8051 చిప్‌ను ఇంటెల్ వాళ్లు 1980లో తెచ్చారు. కొత్తవాళ్లకు మాత్రం ఆర్డువినో సులువు. 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో, ఎలక్ట్రానిక్స్ రాని డిజైన్ విద్యార్థుల కోసమే మొదలుపెట్టిన బోర్డు అది. ఆర్డువినో ఊనోలో ప్రోగ్రాముకు 32 కిలోబైట్ల చోటు ఉంటుంది. మన పనికి అందులో పదో వంతు కూడా పట్టలేదు.

పెట్టెలో మల్టీమీటరు పెట్టి చూస్తే 5 వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి. రిలే, దాన్ని నడిపే ట్రాన్సిస్టరు కూడా బాగున్నాయి. పోయింది చిప్ ఒక్కటే. కొత్త చిప్ కొని పెడితే చాలదా అంటారేమో. కొత్త చిప్ తెల్లకాగితం లాంటిది, దానిలో ప్రోగ్రాం ఉండదు. పాతదానిలోది కాపీ చేద్దామంటే చిప్ కాలిపోయింది. కనుక ప్రోగ్రాం మనమే రాయాలి.

ఇక్కడే చాలామంది భయపడతారు. నేనూ భయపడ్డాను. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏమీ తోచలేదు. చివరికి నోటుబుక్కులో తెలుగులోనే రాసుకున్నాను: కింది తీగకు నీళ్లు తగలకపోతే మోటారు వెయ్యి. పై తీగకు నీళ్లు తగిలితే ఆపు. మధ్యలో ఉంటే ఉన్నది ఉన్నట్టు ఉంచు. ఈ మూడో వాక్యం మొదట రాయలేదు. ఒకే తీగతో సరిపెట్టాను. పరీక్షిస్తే నీటి అల తగిలినప్పుడల్లా రిలే టకటకా కొట్టుకుంది. అలాగే వదిలేస్తే మోటారు కాలిపోయేది.

రాసింది నాన్నకు చదివి వినిపించాను. ఆయన బోర్లలోంచి మోటార్లు పైకి తీసే కూలి పనికి వెళ్తారు, చదువుకోలేదు. "మరి బోరులో నీళ్లు లేకపోతేరా?" అన్నారు. మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి, నాకది తట్టనే లేదు! నీళ్లు లేకుండా తిరిగితే మోటారు పాడవుతుంది. అలా నాలుగో వాక్యం వచ్చింది: వేసిన 20 నిమిషాల్లో పై తీగ తడవకపోతే ఆపు, గంట దాకా మళ్లీ వేయకు.

ఇక తీగలతో తిప్పలు. నీళ్లు తగిలాయా లేదా అని అవును కాదుల్లో అడిగితే బోర్డు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పింది. నీరు రాగి తీగలా కరెంటును ధారాళంగా పోనివ్వదు కదా! అనలాగ్ కాలికి కలిపి అంకె చదివాను. అది 0 నుంచి 1023 దాకా చూపిస్తుంది. పొడిగా ఉంటే వెయ్యి దాటింది, తడిస్తే నాలుగు వందల లోపుకు దిగింది. 700 దగ్గర గీత గీశాను. ఎప్పుడూ కరెంటు ఉంటే నీళ్లలోని రాగి తీగకు పచ్చగా చిలుము పడుతుంది. అందుకని కొసలకు స్టీలు స్క్రూలు పెట్టి, పది సెకన్లకోసారి ఒక్క క్షణం మాత్రమే కరెంటు ఇచ్చి చదివిస్తున్నాను.

ఒక జాగ్రత్త. బోర్డు కాలు నుంచి 20 మిల్లీయాంపియర్లు మించి తీసుకోకూడదు. రిలేకు అంతకన్నా ఎక్కువ కావాలి కాబట్టే మధ్యలో ట్రాన్సిస్టరు, రిలేకు అడ్డంగా డయోడు ఉంటాయి. పాత పెట్టెలోవే వాడుకున్నాను. 230 వోల్టుల వైపు, స్టార్టరు వైపు నేను చెయ్యి పెట్టలేదు. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి కలిపాడు. మీరు కూడా ఆ వైపు పోవద్దు.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు బోర్డు కొననక్కర్లేదు. కంప్యూటర్ గదిలో టింకర్‌క్యాడ్ తెరిస్తే తెర మీదే ఆర్డువినో దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. ముందు 13వ కాలి దగ్గరి బల్బు వెలిగించి ఆర్పే ప్రోగ్రాం పెట్టండి. అందులో 1000 అని ఉన్నచోట 200 వేసి చూడండి, బల్బు గబగబా కొట్టుకుంటుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ట్యాంకు ప్రోగ్రాం ప్రింటు తీసి పెట్టె మూత లోపల అంటించాను. వేసవిలో బోరు నెమ్మదిగా పోస్తుంది, అప్పుడు 20 నిమిషాలు చాలవు. ఆ అంకె మార్చే పని మీదే.